విమానచోదకుని దేహబలం: పండు, పొడి, కసరత్తు

వైశాఖ జ్యేష్ఠాలు వచ్చాయంటే నూజివీడు పరిసరాలలో ఏ బాట పట్టినా పండ్ల వాసనే. చిన్నరసాలు, పెద్దరసాలు, చెరుకురసాలు, బంగినపల్లి, తోతాపురి వరుసగా కోతకు వస్తాయి. గంపలు లారీలకెక్కి నున్న మామిడి మార్కెట్టుకు, అక్కడినుంచి దూరదేశాలకు తరలిపోతాయి. ఈ తోటలకు అంత దూరం కాని గన్నవరంలో విమానాలు దిగుతూ ఎగురుతూ ఉంటాయి. వాటిని చూస్తూ పెరిగిన పిల్లలలో కొందరికి తామూ విమానం నడపాలనీ, వాయుసేనలో చేరాలనీ కోరిక కలగడం సహజం. 2016లో మన వాయుసేన యుద్ధవిమానాలలోకి స్త్రీలను కూడా చోదకులుగా తీసుకొన్న తరువాత ఈ కోరిక ఆడపిల్లలలోనూ వేరు పట్టింది.

ఇటువంటి విద్యార్థులు సైన్సు ఉపాధ్యాయులను తరచు అడిగే ప్రశ్నలు రెండు. ఏ మాత్ర వేసుకొంటే కంటిచూపు చురుకెక్కుతుంది? ఏ పొడి పాలలో కలుపుకొని తాగితే కండ పడుతుంది? అడగడమే కాదు, ఇంటివారు పంపిన నెలఖర్చులో సగం పెట్టి డబ్బాలు కొనేవారు కూడా ఉన్నారు. ప్రశ్నలు చిన్నవే అయినా వాటి వెనుక నూరేళ్లకు మించిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టానికి నాయకుడు మన పశ్చిమగోదావరి సీమలో పుట్టినవాడే. పొడి కొనే కుర్రవానికి ఈ సంగతి తెలియకపోవడం విచారింపదగిన విషయం.

విమానం దేహాన్ని ఏమి అడుగుతుంది?

విమానం నడపడం కూర్చుని చేసే పని కదా, దానికి కండబలం ఎందుకని కొందరికి సందేహం రావచ్చు. ప్రయాణికుల విమానం విషయంలో ఈ సందేహం కొంతవరకు సమంజసమే. యుద్ధవిమానం సంగతి వేరు. అది అతివేగంతో చటుక్కున మలుపు తిరిగినపుడు అందులోని మనిషి బరువు పెరిగినట్లవుతుంది. గిలకబావి చేదను నీళ్లతో గిరగిర తిప్పితే నీరు ఒలకకుండా అడుగుకు అదుముకొని ఉంటుంది. చోదకుని రక్తానికీ అదే గతి. భూమ్యాకర్షణకు అయిదు రెట్లు బలం కలిగినపుడు, అనగా 5 జీ వద్ద, 60 కిలోల మనిషి 300 కిలోలు తూగుతాడు. అతని రక్తం కూడా అయిదు రెట్లు బరువెక్కి కాళ్లలోకి, పొట్టలోకి దిగజారుతుంది.

గుండెకూ మెదడుకూ మధ్య దూరం సుమారు 30 సెంటీమీటర్లు. మామూలు స్థితిలో అంత ఎత్తుకు రక్తాన్ని ఎత్తడానికి సుమారు 23 మిల్లీమీటర్ల పాదరసానికి సమానమైన ఒత్తిడి ఖర్చవుతుంది. 5 జీ వద్ద ఆ ఖర్చు 115. ఆరోగ్యవంతుని గుండె ముడుచుకొన్నపుడు పుట్టే ఒత్తిడే 120! మెదడుకు మిగిలేది దాదాపు శూన్యం. కంటిగుడ్డు లోపల కొంత ఒత్తిడి ఉండడంచేత కంటికి రక్తం అంతకుముందే ఆగిపోతుంది. అందుచేత మొదట చూపు బూడిదరంగుకు తిరుగుతుంది, పిమ్మట చీకటి కమ్ముతుంది, ఆపైన స్పృహ తప్పుతుంది. అప్పుడు విమానాన్ని నడిపేవారు ఎవరూ ఉండరు.

కావున చోదకునికి కావలసినవి ముఖ్యంగా రెండు: రాత్రిపూట మసకలో చూడగల కన్ను, బరువు మీద పడినపుడు రక్తాన్ని తలవైపు నిలిపి ఉంచగల కండరాలు. మాత్రల కథ కంటితోను, పొడుల కథ కండరంతోను ప్రారంభమైనాయి.

కంటి కథ

రేచీకటి మనకు కొత్త జబ్బు కాదు. సుశ్రుత సంహితలో దీనిని నక్తాంధ్యమనే పేరుతో వర్ణించి, మేక కాలేయాన్ని చికిత్సగా చెప్పారు. మన పల్లెలలో పొన్నగంటి కూర కంటికి మంచిదనే మాట తరతరాలుగా వస్తూనే ఉన్నది. ఎందుకు మంచిదో తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

1876లో జర్మనీ దేశీయుడైన ఫ్రాంజ్ బోల్ కప్పకంటి లోపలి పొరలో ఒక ఎర్రని వర్ణకం ఉన్నదనీ, వెలుతురు తగిలితే అది వెలిసిపోతుందనీ, చీకటిలో ఉంచితే తిరిగి వస్తుందనీ గమనించాడు. 1913లో అమెరికాలో మెకాలమ్, డేవిస్ అనేవారు ఒకచోట, ఆస్‌బర్న్, మెండెల్ అనేవారు మరొకచోట, వెన్నలో ప్రాణాధారమైన పదార్థమేదో ఉన్నదని ఎలుకలపై ప్రయోగాలతో నిరూపించారు. అదే తరువాత విటమిన్ ఏ అయింది. క్యారెట్టుకు రంగునిచ్చే కెరోటిన్ అనే పసుపు పదార్థం శరీరంలో విటమిన్ ఏగా మారుతుందని 1930లో థామస్ మూర్ చూపించాడు. 1933లో జార్జి వాల్డ్ కంటిపొరలోనే విటమిన్ ఏ ఉన్నదని కనుగొన్నాడు. దానితో కథ పూర్తి అయింది. బోల్ చూచిన ఎర్రని వర్ణకం తయారు కావడానికి విటమిన్ ఏ కావాలి. అది చాలకపోతే మసకచీకటిలో చూపు ఆనదు. ఈ పరిశోధనలకుగాను వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధం వచ్చిపడింది. 1940 నవంబరులో జాన్ కన్నింగ్‌హామ్ అనే ఆంగ్ల చోదకుడు నడిరాత్రి ఒక జర్మను బాంబరును కూల్చాడు. పిల్లి కళ్లవాడని అతనికి పేరు వచ్చింది. ఆంగ్ల వైమానికులు క్యారెట్లు తింటారు, అందుకే వారికి చీకటిలో కళ్లు కనబడతాయి అని పత్రికలలో ప్రచారం జరిగింది. నిజానికి కన్నింగ్‌హామ్ విమానంలో అప్పుడే కొత్తగా అమర్చిన రాడార్ ఉన్నది. ఆ రహస్యం బయటపడకుండా క్యారెట్టును తెరగా పట్టుకొన్నారు. యుద్ధకాలంలో దీపాలార్పిన వీథులలో నడవడానికి ప్రజలు క్యారెట్లు తినాలని ఆహారశాఖ కూడా ప్రకటనలు చేసింది. ఆ విధంగా రాడార్ చేసిన పనికి కీర్తి కూరగాయకు దక్కింది.

ఆ రోజులలోనే ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో ఒక ఓపికగల ప్రయోగం జరిగింది. యుద్ధంలో పాల్గొనబోమని నిరాకరించిన కొందరు యువకులు తమ శరీరాలను శాస్త్రానికి అప్పగించారు. 1942నుంచి వారిలో 16 మందికి విటమిన్ ఏ గాని, కెరోటిన్ గాని లేని ఆహారం పెడుతూ వచ్చారు. నెలల తరబడి పెట్టినా చీకటిచూపులో స్పష్టమైన లోపం కనిపించినది ముగ్గురిలోనే! కారణం కాలేయం. మంచి ఆహారం తిన్న కాలంలో కాలేయం విటమిన్ ఏను గాదెలో ధాన్యంలాగ నిల్వచేసుకొని, లేనికాలంలో కొద్దికొద్దిగా వాడుకొంటుంది. గాదె నిండుగా ఉన్నవానికి మరి నాలుగు గింజలు పోస్తే చూపు పెరగదు.

చోదకుని రాత్రిచూపుకు నిజంగా పనికివచ్చినవి వేరే ఉన్నాయి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడడానికి సుమారు అరగంట పడుతుంది. అంతసేపు చీకటి గదిలో కూర్చోకుండా ఎర్ర అద్దాలు పెట్టుకొంటే చాలునని తేలింది. చీకటిచూపుకు ఆధారమైన కణాలు ఎర్రని వెలుగుకు చలించవు. రెండవది ప్రాణవాయువు. సుమారు 5,000 అడుగుల ఎత్తునుంచే రాత్రిచూపు మందగించడం మొదలవుతుంది. అక్కడ కావలసినది మాత్ర కాదు, గాలి.

ఇక మన మామిడిపండు సంగతి. ఆహారపదార్థాల పోషకవిలువలను మన దేశంలో 1937లో కూనూరు ప్రయోగశాలనుంచి ఐక్రాయిడ్ పుస్తకంగా ప్రచురించాడు. ఆ పరంపరలో వచ్చిన పట్టికలలో దశాబ్దాలపాటు 100 గ్రాముల మామిడిపండుకు 2,743 మైక్రోగ్రాముల కెరోటిన్ అని, అంతే క్యారెట్టుకు 1,890 అని ఉండేది. తరువాతి కాలంలో నిశితమైన పద్ధతులతో రకం రకంగా విడదీసి పరీక్షించినపుడు అంకెలు మారాయి. బంగినపల్లికి ఒక లెక్క, తోతాపురికి మరొక లెక్క వచ్చాయి. కెరోటిన్ అంతా విటమినుగా మారదు కూడా. మన దేశపు నిపుణులు 2010లో ఎనిమిది పాళ్లకు ఒక పాలు చొప్పున లెక్కకట్టారు. అయినప్పటికీ పచ్చని గుజ్జు ఉన్న పండు కంటికి మేలు చేసేదే. వేసవిలో తిన్న పండ్ల ఫలం కొంత కాలేయంలో నిల్వ ఉండి వానాకాలంలో అక్కరకు వస్తుంది.

అయితే ఈ విటమిను అసలు అవసరం ఎవరికి? ఇక్కడ మన చరిత్రలో ఒక బాధాకరమైన విషయం చెప్పక తప్పదు. కడుపునిండా తిన్న వైమానికునికి పిల్లికళ్లు తెస్తామని పశ్చిమదేశాలలో ప్రచారం జరుగుతున్న కాలానికీ, ఆ తరువాత కూడా, మనదేశంలో వరి అన్నం మీదనే బతికే పేదపిల్లలు రేచీకటితో మొదలై పూర్తిగా చూపు కోల్పోతూ వచ్చారు. మెకారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన పోషకాహార పరిశోధన 1958 చివర హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో ఆ ప్రయోగశాలలకు జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. పిల్లలకు పెద్దమోతాదు విటమిన్ ఏను నోటిద్వారా ఒక్కసారి ఇస్తే కాలేయం దానిని నెలల తరబడి దాచుకొంటుందన్న సూత్రాన్ని అక్కడి శాస్త్రజ్ఞులు పల్లెలలో పరీక్షించి చూచారు. దాని ఫలితంగా 1970లో జాతీయ కార్యక్రమం ఏర్పడి, ఒకటినుంచి అయిదేండ్ల పిల్లలకు ఆరునెలలకు ఒకసారి 2 లక్షల యూనిట్ల చొప్పున ఇవ్వడం ప్రారంభమైంది. లోటు ఉన్నచోట ఒక చెంచా మందు కళ్లను కాపాడింది. లోటు లేనిచోట అదే మందు వృథా. అంతేకాదు, అదుపు లేకుండా మింగితే విటమిన్ ఏ విషమవుతుంది. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, కాలేయం చెడడం దాని లక్షణాలు. ఇవి చోదకునికి ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు. పండు ఎక్కువగా తింటే వచ్చేది అరచేతుల పసుపే.

కండరం కథ

ఇప్పుడు పొడి సంగతి చూద్దాం. వ్యాయామశాలలలో నేడు అమ్ముడుపోయే పొడులలో క్రియేటిన్ ప్రసిద్ధమైనది. దీనిని 1832లో ఫ్రాన్సులో షెవ్రెల్ మాంసరసంనుంచి వేరుచేశాడు. గ్రీకుభాషలో మాంసమని అర్థమిచ్చే మాటనుంచి దీని పేరు వచ్చింది. 1847లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ ఒక విచిత్రం గమనించాడు. బోనులో పెంచిన నక్క మాంసంలో కంటె, వేటలో పరుగెత్తి పరుగెత్తి చచ్చిన నక్క మాంసంలో క్రియేటిన్ సుమారు పది రెట్లు ఉన్నది. కండరం పనిచేయడానికీ దీనికీ ఏదో సంబంధం ఉన్నదని అతడు ఊహించాడు. ఊహ అక్కడ నిలవలేదు, వ్యాపారం ప్రారంభమైంది. 1865లో లీబిగ్ పేరుతో ఒక కంపెనీ లండనులో ఏర్పడి, మాంససారాన్ని గిన్నెలకెత్తి బలవర్ధకమని ప్రపంచమంతటా అమ్మింది. ఆ సారంలో మాంసకృత్తులు అతిస్వల్పమని, ఆహారంగా దాని విలువ కొద్దిదని తరువాత తేలింది. పరిశోధన పూర్తికాకముందే సరకు అంగడికి చేరడం నేటి వింత కాదని దీనివలన తెలుస్తున్నది.

క్రియేటిన్ కండరంలో ఏమి చేస్తున్నదో తెలిపిన మహనీయుడు యెల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బీదతనంలో పెరిగారు. సోదరులు స్ప్రూ అనే ప్రేగుల జబ్బుతో మరణించడం ఆయన మనసును కలచివేసింది. మద్రాసులో వైద్యవిద్య ముగించి 1923లో అమెరికాలోని బోస్టన్ చేరి హార్వర్డులో చదువుకొన్నారు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగులకు ఊడిగం చేసే పని చేశారు.

అక్కడ సైరస్ ఫిస్కె అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తంలోను, కండరంలోను ఉండే భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. భాస్వరం ఉన్న ద్రవంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత హెచ్చు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి పేరుతో దీనిని ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థులు నేర్చుకొన్నారు. ఈ పద్ధతితో కండరపు ద్రవాన్ని పరీక్షిస్తుండగా నీలిరంగు వెంటనే రాక ఆలస్యంగా, కొంచెం కొంచెంగా చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే రసాయనం చెడిపోయిందని పారబోసేవారు. వీరు మాత్రం ఆలస్యానికి కారణం వెదికారు. కండరంలో భాస్వరం ఏదో పదార్థంతో కూడి ఉండి, పరీక్షలో మెల్లగా విడిపోతున్నది. ఆ పదార్థమే క్రియేటిన్! రెండూ కలిసిన సమ్మేళనానికి ఫాస్ఫోక్రియేటిన్ అని పేరు. 1927లో ఈ విషయం ప్రకటించారు. అదే సంవత్సరం లండనులో ఎగల్టన్ దంపతులు కూడా కప్ప కండరంలో ఇటువంటి అస్థిర పదార్థాన్నే గుర్తించారు. 1929లో ఫిస్కె, సుబ్బారావులు కండరపు అసలు ఇంధనమైన ఏ.టి.పి.ని వేరుచేశారు, అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు.

ఇది ఎంతటి మార్పు తెచ్చిందో గ్రహించాలంటే అంతకుముందున్న నమ్మకం తెలియాలి. కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమని హిల్, మయర్‌హాఫ్ అనే ఉద్దండులు చెప్పగా, వారికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానం వచ్చి ఉన్నది. 1930లో డెన్మార్కులో లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా అడ్డుపెట్టినా కండరం కొంతసేపు ముడుచుకొంటూనే ఉన్నదని, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియేటిన్ అని చూపాడు. పాత సిద్ధాంతం కూలింది. హిల్ స్వయంగా ఈ విప్లవాన్ని అంగీకరించి వ్యాసం వ్రాయడం శాస్త్రజ్ఞునికి తగిన పెద్దమనసు.

కండరంలోని ఏ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. గట్టిగా బిగిస్తే రెండు మూడు సెకనులలో అయిపోతుంది. ఫాస్ఫోక్రియేటిన్ నడుముకు కట్టిన సంచి వంటిది. చిల్లర అయిన క్షణంలోనే తన భాస్వరాన్ని అందించి ఏ.టి.పి.ని మళ్లీ నింపుతుంది. ఆ సంచి సుమారు పది సెకనులకు సరిపోతుంది. ఆ తరువాత పిండిపదార్థాలను దహించి శక్తిని తెచ్చుకోవాలి. అది పంట అమ్మి డబ్బు తెచ్చుకోవడం వంటిది, ఆలస్యమవుతుంది. యుద్ధవిమానం మలుపు తిరిగినపుడు చోదకుడు ఒళ్లు బిగించేది సెకనుల లెక్కనే. మళ్లీ మళ్లీ బిగించవలసి ఉంటుంది. అనగా అతని ప్రాణం నిలిచేది సుబ్బారావు కనుగొన్న సంచిమీద.

మన శరీరంలో 70 కిలోల మనిషికి సుమారు 120 గ్రాముల క్రియేటిన్ ఉంటుంది. దాదాపు అంతా కండరాలలోనే. రోజుకు సుమారు 2 గ్రాములు ఖర్చు. అందులో సగం కాలేయం, మూత్రపిండాలు తయారుచేస్తాయి. మిగిలినది మాంసం, చేపలనుంచి వస్తుంది. 1992లో హారిస్, సోడర్లుండ్, హల్ట్‌మన్ అనే శాస్త్రజ్ఞులు 5 గ్రాముల చొప్పున రోజుకు నాలుగైదు సార్లు ఇచ్చి, కండరాలలో నిల్వ పెరుగుతుందని నిరూపించారు. మొదటినుంచి నిల్వ తక్కువగా ఉన్నవారిలో పెరుగుదల ఎక్కువ. శాకాహారులు ఈ కోవకు చెందుతారు. ఈనాటి పొడుల వ్యాపారానికి ఇది పునాది. ఈ పొడి వట్టి మోసమని చెప్పడం న్యాయం కాదు. బరువులెత్తే కసరత్తు చేస్తూ వాడినపుడు, విడిచి విడిచి చేసే తీవ్రశ్రమలో కొంత లాభం కనబడుతున్నది. కాని వ్యాయామం లేకుండా పొడి ఒక్కటే కండను పెంచదు. మొదటి రోజులలో పెరిగే కిలో బరువు చాలావరకు కండరంలో చేరిన నీరే. అద్దంలో చూచుకొని మురిసిపోయేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఊపిరి బిగింపు

బలానికి మన తెలుగుదేశంలో పర్యాయపదమైనవారు కోడి రామమూర్తి నాయుడు. 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించి, మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత సర్కసు పెట్టి దేశదేశాలు తిరిగి, 1942లో మరణించారు. ఛాతీకి ఇనుపగొలుసు చుట్టుకొని, గాలి పీల్చి బిగబట్టి గొలుసును తెంచడం ఆయన ప్రదర్శనలలో ఒకటి. దీనిలోని కీలకం చేతికండలలో కంటె ఊపిరి బిగింపులో ఉన్నది. గొంతు మూసి, పొట్టను, ఛాతీని గట్టిగా బిగిస్తే రొమ్ములోపలి ఒత్తిడి పెరుగుతుంది. దానితో రక్తపు ఒత్తిడి కూడా పెరుగుతుంది.

యుద్ధవిమాన చోదకులకు నేర్పే విద్య సరిగా దీనికి సోదరి. బరువు మీద పడబోయే ముందు కాళ్లు, పిరుదులు, పొట్ట బిగించి, గాలి పీల్చి గొంతు మూసి అదమాలి. సుమారు మూడు సెకనులకు ఒకసారి చటుక్కున గాలి మార్చుకోవాలి. అంతకుమించి బిగబడితే గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. దీనికి తోడు ప్రత్యేకమైన దుస్తులు వచ్చాయి. కెనడాలో విల్బర్ ఫ్రాంక్స్ నీటితో నింపిన దుస్తును తయారుచేయగా 1942లో యుద్ధంలో వాడారు. పిమ్మట గాలితో ఉబ్బి కాళ్లను, పొట్టను నొక్కే దుస్తులు స్థిరపడినాయి. ఇటువంటి శిక్షణకు, పరీక్షకు మన వాయుసేన 1957లో బెంగుళూరులో వైమానిక వైద్యవిద్యాలయం స్థాపించింది. నేడు అంతరిక్ష వైద్యసంస్థగా పేరుగాంచిన ఆ చోట మనిషిని కూర్చోబెట్టి గిరగిర తిప్పే మహాయంత్రం ఉన్నది.

ఇటువంటి యంత్రాలలోనే కసరత్తు విలువ తేలింది. 1980 తరువాతి కొద్ది సంవత్సరాలలో అమెరికాలోను, స్వీడనులోను కొందరికి పదకొండు పన్నెండు వారాలు బరువులెత్తే వ్యాయామం నేర్పి, ముందు వెనుకలు తిప్పి చూచారు. పెరిగి తగ్గే జీని వారు మునుపటికంటె చాలా ఎక్కువసేపు ఓర్చుకోగలిగారు. పరుగుమాత్రమే అభ్యసించినవారికి ఆ లాభం రాలేదు. పరుగు గుండెకు మంచిదే. కాని ఈ ప్రత్యేక పనికి కాళ్లు, పొట్ట, నడుము కండరాలు బలంగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గినపుడు ఇదే ఓర్పు గణనీయంగా పడిపోతుందని కూడా తెలిసింది. మన నూజివీడు ఎండలలో కసరత్తు చేసే యువకునికి మంచినీటి కుండ అన్ని డబ్బాలకంటె ముఖ్యమన్నమాట.

అయితే ఊపిరి బిగబట్టే విద్యను పుస్తకం చూచి ఇంట్లో అభ్యసించరాదు. రక్తపుపోటు, గుండెజబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. గురువు సమక్షంలో నేర్చుకోదగినది.

డబ్బా కొనేముందు

ఇక మాంసకృత్తుల పొడి. కసరత్తు లేని 60 కిలోల మనిషికి మన నిపుణులు సూచించిన లెక్క కిలోకు 0.83 గ్రాములు, అనగా రోజుకు 50 గ్రాములు. బరువులెత్తేవారు కిలోకు 1.2నుంచి 1.6 వరకు తీసుకోవచ్చు; అది 72నుంచి 96 గ్రాములు. ఇప్పుడు మన వంటింటి లెక్క చూడండి. 300 గ్రాముల బియ్యంలో సుమారు 20 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో 22, 50 గ్రాముల వేరుసెనగపప్పులో 12, రెండు కోడిగుడ్లలో 13, అరలీటరు గేదెపాలలో 21. మొత్తం 88. ఇందులో అంగడి డబ్బా ఏదీ లేదు. మామిడిపండులో మాత్రం మాంసకృత్తులు 100 గ్రాములకు 0.6 గ్రాములే, కండ కోసం పండ్లమీద ఆధారపడరాదు. అది కంటికి, శక్తికి, నోటికి.

2024 మే నెలలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు 17 ఆహారసూత్రాలను ప్రకటించింది. కండలు పెంచడానికి మాంసకృత్తుల పొడులను వాడవద్దని అందులో స్పష్టంగా చెప్పారు. చోదకునికి మరొక నియమం కూడా ఉన్నది: ఏ మందైనా, ఏ మాత్రయైనా వైమానిక వైద్యునికి తెలియకుండా మింగరాదు. నేలమీద స్వల్పంగా తోచే కునుకు, దడ, తలతిరుగుడు ఆకాశంలో స్వల్పం కావు.

పొడులన్నీ నిరర్థకమని ఈ చరిత్ర చెప్పడం లేదు. సుబ్బారావుగారి నాయకత్వంలోనే అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఏ స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నదో ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు అది మందు అయింది. నేడు గర్భవతులకు ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. ఆయన 1948లో, తన 53వ ఏట మరణించారు. ఆయన జీవితమంతా ఒక ప్రశ్నకు సమాధానం: ఎవరికి ఏది లోపించినదో ముందు కనుగొను, పిమ్మట దానినే అందించు. రంగు ఆలస్యంగా వచ్చిన ద్రవాన్ని పారబోయక కొలిచి చూచినట్లే, దేహాన్ని కూడా కొలిచి చూడాలి. రక్తం తక్కువైతే దానికి మందు ఉన్నది. చూపులో లోపముంటే వైద్యుడున్నాడు. ఏ లోపమూ లేని పద్దెనిమిదేండ్ల కుర్రవాడు నెలఖర్చు డబ్బాకు ధారపోసి, అదే నెల పప్పు, పాలు మానుకొంటే లోపాన్ని తానే కొనితెచ్చుకొన్నవాడవుతాడు.

2025 జూన్‌లో మన వాయుసేన చోదకుడు శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినపుడు తనవెంట క్యారెట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడిరసం తీసుకొనిపోయాడు. కన్నింగ్‌హామ్ నాటి క్యారెట్టు, మన తోటల మామిడి రెండూ ఆ విధంగా ఆకాశాన్ని దాటి వెళ్లాయి. అయితే వాటిని పట్టుకుపోయింది పిల్లికళ్ల కోసమూ కాదు, భీమబలం కోసమూ కాదు. ఇంటి రుచి కోసం, తోటివారితో పంచుకోవడం కోసం. ఆయన బలం అంతకుముందు ఎన్నో ఏండ్లు చేసిన కసరత్తులో, సక్రమమైన భోజనంలో, చాలినంత నిద్రలో సంపాదించినది. నూజివీడు తోటలలోనుంచి రేపు రెక్కలు కట్టుకోబోయే యువతీయువకులకు కూడా దారి అదే.